గాజుతొట్టిలో మట్టగిడస



సెలవులకు పట్టణమునుండి వచ్చిన మనుమలు ఇప్పుడు కథ చెప్పుమని తాతగారిని అడుగుటకు ముందు తమ ఇంటి గాజుతొట్టి ముచ్చటలు తామే చెప్పుచుందురు. తొట్టిలో ఎఱ్ఱచేప యున్నదట, చారలచేప యున్నదట, దానికి జబ్బు చేసినదట, అది చచ్చినదట, నాన్న మఱియొకటి కొనినాడట. ఆ చేపలలో పెక్కు దక్షిణ అమెరికా నదులకో, ఆఫ్రికా సరస్సులకో, చీనా దేశపు కొలనులకో చెందినవి. మన చెఱువుగట్టు దిగువ తూటికాడల నడుమ కదలక మెదలక పొంచియుండు మట్టగిడసను ఆ పిల్లలు చూచియుండరు. చూపుమని వారడిగినచో చూపగలవారు మీరే. అందుచేత ఈ ప్రసంగమును మీకు వినిపింపగోరితిని.

నేను చెప్పబోవునది మన మంచినీటి వేటచేపలను గూర్చి. అనగా చిన్నచేపలను, తలకప్పలను, రొయ్యలను, పురుగులను పట్టి మ్రింగి బ్రతుకు వానిని గూర్చి. వీనిని కూర వండుకొనుటకు గాక కన్నులార చూచుటకై ఇంట నుంచుకొనవచ్చునా? ఉంచుకొనవచ్చునన్నచో దేనిని, ఎట్లు? పదునాలుగేండ్లుగా మా ఇంటి వసారాలో మట్టగిడసలు పెరుగుచున్నవి. చదివి తెలిసికొన్నది కొంత, వానిని చూచుచు నేర్చుకొన్నది కొంత కలిపి చెప్పుచున్నాను.

మొదట ఏ చేపను కోరుకొనవలయును? మత్స్యావతార కథ మీకు నేను చెప్పనక్కఱలేదు. సత్యవ్రతుని దోసిటపడిన చేపపిల్ల కమండలువులో పట్టలేదు, పెద్దపాత్రలో పట్టలేదు, కొలనులో పట్టలేదు. తుదకు దానిని సముద్రమునకు చేర్పవలసి వచ్చినది. గాజుతొట్టి కొనువారు కొనుటకు ముందు ఆ కథ నొకసారి తలచుకొన్నచో ఎన్నియో చేపల ప్రాణములు దక్కును. అంగడిలో వ్రేలెడున్న పిల్లను చూచి మురిసి తెచ్చుకొందురు. అది రెండేండ్లలో చేయంత యగును. అప్పుడు దానిని ఏమిచేయవలయునో ఎవ్వరికిని తోచదు. తోచక చేయు పని యొకటి కలదు. దానిని చివర చెప్పెదను, ఏలయన మీతో నాకు ముఖ్యముగా పని యున్నది అక్కడనే.

వాలుగను చూడుడు. దాని నోరు ఒకసారి చూచినవారు మఱవరు. వెండిరేకువలె మెఱయు ఆ చేప ఆరడుగుల నిడివికి పెరుగగలదు. దానిని ఇంట నుంచుకొనుట పులిపిల్లను మంచపుకోడునకు కట్టుకొనుట వంటిది. పైగా నదులలో అది నానాటికి తగ్గుచున్నది. ప్రపంచమున జంతుజాతుల క్షేమమును కనిపెట్టియుండు శాస్త్రజ్ఞులు దానిని ఆపదకు లోనైన వానిలో చేర్చియున్నారు. కనుక వాలుగ మాట విడిచిపెట్టుదము. జెల్లలు రాత్రి తిరుగునవి. పగలంతయు రాతిక్రింద దాగియుండును గావున పిల్లలకు చూపుటకు ఏమియు నుండదు. ముండ్లు గ్రుచ్చుకొనిన బాధ వేఱు.

మిగిలినది కొర్రజాతి. ఇందులో పెద్దవి రెండు: పూమట్ట నాలుగడుగుల వఱకు పోవును, కొర్రమీను మూడడుగుల వఱకు ఎదుగగలదు, చెఱువులలో మనకు దొరకునవి సాధారణముగా అడుగున్నర, రెండడుగులు. చిన్నవి రెండు. ఒకటి మట్టగిడస, జానెడు మొదలు అడుగు లోపలనే దాని నిడివి. రెండవది కొండవాగులలోను పిల్లకాలువలలోను ఉండు జానెడు చేప. దాని వెన్నురెక్కకును తోకకును అంచున నారింజవన్నె గీత యుండును. శాస్త్రజ్ఞులు చన్నా గచువా యందురు. మనవారు దానిని విడిగా లెక్కింపక మట్టపిల్ల యని పారవైచుచుందురు. ఇంటిలోని గాజుతొట్టికి తగినవి ఈ చిన్నవి రెండే యని నా నిశ్చయము. కొర్రమీనునే కోరువారు దొడ్డిలో పదియడుగుల సిమెంటుతొట్టి కట్టించుకొనవలయును, లేదా వాడుకలేని దిగుడుబావి యుండవలయును.

కొర్రమీనును శాస్త్రలోకమునకు మొదట వర్ణించి చెప్పినవాడు జర్మనీ దేశపు వైద్యుడు బ్లాక్ అను ఆయన. అది 1793వ సంవత్సరము. తల పాము తలను పోలియున్నదని గ్రీకుభాషలో పాముతల యని అర్థము వచ్చు పేరు పెట్టినాడు. ఆ పేరు తరువాత పోయి చన్నా అను పేరు నిలిచినది. తెలంగాణ రాష్ట్రము దీనినే రాష్ట్రమత్స్యముగా ఎన్నుకొన్నది. మృగశిరకార్తె ప్రవేశించునపుడు హైదరాబాదులో ఉబ్బసరోగులకు మందుతో కూర్చి మ్రింగించు బ్రతికిన చేపపిల్లలు కూడ కొర్రమీను పిల్లలే. ఆ మందు గుణమును గూర్చిన తగవు నాకక్కఱలేదు. అన్నివేల పిల్లలను ఒక్కచోటికి ప్రాణముతో చేర్చగలుగుచున్నారన్న, అది ఈ చేప గట్టితనమునకు సాక్ష్యము.

ఆ గట్టితనమునకు కారణము కలదు. తక్కిన చేపలు నీటిలో కరగియున్న ప్రాణవాయువును మొప్పలతో గ్రహించి బ్రతుకును. కొర్రమీనుకు మొప్పలు చాలవు. మొప్పలకు పైగా తలలో ఇరుప్రక్కల ఒక్కొక్క గది యున్నది. ఆ గది లోపలి చర్మము మడతలు పడి యుండును. ఆ మడతలమీద వెండ్రుకకంటె సన్ననైన రక్తనాళములు అల్లుకొని యుండును. చేప నీటిపైకి వచ్చి ఒక గ్రుక్క గాలి పుచ్చుకొని ఆ గదులను నింపుకొనును. అక్కడ గాలిలోని ప్రాణవాయువు రక్తములోనికి ఇంకును. ఇది మన ఊపిరితిత్తులు చేయు పనియే. అందుచేతనే ఈ చేప సంతలో తడిగోనె క్రింద గంటలకొలది బ్రతికియుండును. చెఱువు ఇంకినపుడు బురదలో తలదాచుకొని వానకై వేచియుండును. తొలకరినాడు గట్టుదాటి తడినేలమీద ప్రాకిపోవును. మీలో పెక్కురు ఇది కన్నులార చూచినవారే.

దీనికి మఱియొక ప్రక్క కూడ కలదు. పైకి రానీయకుండ ఆపినచో కొర్రమీను నీటిలోనే ఊపిరాడక చచ్చును. నీటి అడుగున వలలో చిక్కి తెల్లవాఱువఱకు చచ్చియున్న కొర్రమీనును చూచి, దెబ్బ లేదు, గాయము లేదు, ఎట్లు చచ్చెనని జాలరులే అడుగుచుందురు. అది మునిగి చచ్చినది. కావున గాజుతొట్టిని అంచువఱకు నింపరాదు. నీటికిని మూతకును నడుమ నాలుగంగుళముల గాలి విడువవలయును. నీటిపైన అంతరతామర వేయవచ్చును గాని అది తొట్టియంతయు క్రమ్ముకొననీయరాదు.

బురదలో బ్రతుకు చేపకు నీరు మార్చుట ఎందుకని నన్ను అడిగినవారు అనేకులు. ప్రశ్న సహజమే, కాని అందులో రెండు వేఱు సంగతులు కలిసిపోయినవి. ఊపిరికి వలసినది ఈ చేప గాలినుండి తెచ్చుకొనును. విషము విషయమున దాని యొడలు తక్కిన చేపల యొడలి వంటిదే. చేప మొప్పలనుండియు మలమునుండియు అమోనియా యను పదార్థము వెలువడును. వానకాలమున పశువులకొట్టములో ముక్కునకు తగులు ఘాటువాసన దానిదే. చెఱువులో నీరు అపారము. ఒక చేప విడిచినది ఆ నీటిలో ఏ మూలకును రాదు. అదిగాక చెఱువు అడుగున బురదలో కంటికి కనబడని జీవులు దానిని ఎప్పటికప్పుడు మార్చివేయుచుండును. గాజుతొట్టిలో నున్నది ఎన్ని బిందెల నీరు? అందులో అమోనియా నాలుగు దినములు నిలిచినచో చేప రెక్కలు ముడుచుకొని మూలకు చేరును, ఒంటిమీద జిగట తెల్లనగును, మొప్పలు ఎఱ్ఱబాఱును. పిమ్మట దానికి ఎంత గాలి యున్నను ప్రయోజనము లేదు.

కంటికి కనబడని ఆ జీవులను తొట్టిలోనికి కూడ తెచ్చుకొనవచ్చును. అవి రెండు విధములు. మొదటివి అమోనియాను నైట్రైటుగా మార్చును, అదియు విషమే. రెండవవి నైట్రైటును నైట్రేటుగా మార్చును. ఇది మితముగా నున్నంతకాలము చేపకు హాని చేయదు, మొక్కలకు ఎరువు. ఈ జీవులు ఇసుకమీదను, స్పంజిమీదను, రాళ్లమీదను పొరగా పట్టి పెరుగును. కొత్త తొట్టిలో ఇవి తగినంతగా పెరుగుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. త్వరపడువారు చల్లారని పాలలో తోడువేసిన గృహిణివలె అంతయు పాడుచేసికొందురు. తోడుమాట వచ్చినది గావున చెప్పుచున్నాను: ఆరోగ్యముగా నడచుచున్న పాత తొట్టినుండి ఒక స్పంజిముక్కయో పిడికెడు ఇసుకయో తెచ్చి కొత్త తొట్టిలో వేసినచో అది తోడువలె పనిచేయును, గడువు తగ్గును. ఈ జీవులకు నీటిలో కరగిన ప్రాణవాయువు కావలయును. కనుక గాలి పీల్చు చేపయే గదా యని గాలిమోటారు తీసివేయరాదు. మోటారు చేపకొఱకు కాదు, చేప మలమును శుద్ధిచేయు జీవులకొఱకు.

ఇక తొట్టి. ఒక జత మట్టగిడసలకు నాలుగడుగుల నిడివి, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తక్కువకు వద్దు. నిండుగా నింపినచో అది ఇంచుమించు 250 లీటర్లు పట్టును. నీరు, ఇసుక, గాజు కలిసి 300 కిలోలకు మించును గావున బల్ల గట్టిదై యుండవలయును. నాపరాతిబండలు పేర్చి దానిపై నిలుపుట మేలు. బండకును గాజునకును నడుమ మెత్తని అట్ట పఱచుట మఱవరాదు. ఎత్తైన తొట్టికంటె వెడల్పైన తొట్టి ఈ చేపకు హితము. అది పైకి క్రిందికి ఈదుటకంటె ఒకచోట పొంచి యుండుటనే కోరును. అడుగున రెండంగుళముల ఏటియిసుక, ఒకటి రెండు మోడుకొయ్యలు, పగిలిన కుండపెంకులు, నాచు, ఎండిన బాదమాకులు రెండు మూడు. బాదమాకు నీటికి తేనీటివన్నె తెచ్చును. చూచుటకు మురికివలె తోచును గాని చేపకు బెదురు తగ్గును. మూడువైపుల తెరచియున్న తొట్టిలో వేటచేప ఎప్పుడును భయముతోనే యుండును; వెనుకవైపు గాజునకు నల్లని గుడ్డయో కాగితమో కప్పవలయును.

మూత విషయమున రాజీ పనికిరాదు. కొర్రజాతి చేప ఎగురును. చిన్న సందుండిన దానిని వెదకి పట్టుకొనును. మా వీధిలోని ఒక మిత్రుడు మూతమీద ఇటుక పెట్టుట ఎందుకని నవ్వినాడు. ఒక వానరాత్రి ఆయన మట్టగిడస మూత తోసికొని క్రిందపడి, వసారా దాటి, తులసికోట మొదట తడిమట్టిలో తెల్లవాఱువఱకు ఉన్నది. పూజకు వచ్చిన ఇల్లాలు దానిని చూచి పామనుకొని కేకవేసినది. తిరిగి నీటిలో వేయగా కోలుకొన్నది. అది వాన కురిసిన రాత్రి యగుటచే బ్రతికినది. వేసవిరాత్రియై నేల పొడిగా నున్నచో ఎండి చచ్చియుండెడిది. ఇనుపవల బిగించిన కొయ్యచట్రమును మూతగా చేయించి, నాలుగు మూలల బరువు పెట్టవలయును.

మన చేపలకు నీటిని వెచ్చజేయు పరికరము లక్కఱలేదు. మన ఊరి ఎండ, మన ఊరి చలి వానికి తెలిసినవే. పంచాయతీ కుళాయినీటిలో క్లోరిన్ యుండును గనుక వెడల్పు గంగాళములో ఒకదినము ఎండకు ఉంచి వాడవలయును. గొట్టపుబావి నీటిలో తఱచుగా ప్రాణవాయువు తక్కువగా నుండును. దానిని ఎత్తునుండి రెండుమూడు సార్లు పోసి, ఒకరాత్రి నిలువయుంచి వాడుకొనవచ్చును. వారమునకొకసారి నాలుగవవంతు నీరు తీసి అంతే నీరు పోయవలయును. నాలుగైదు బిందెల పని. అంతయు ఒక్కసారి పాఱబోసి తొట్టిని తళతళలాడ కడుగుట అందఱికంటె శుచిగలవారు చేయు అపచారము. దానివలన నే చెప్పిన తోడు కాస్తయు పోవును.

ఆహారమునకు వచ్చుచున్నాను. చెఱువునుండి వచ్చిన మట్టగిడస కదలనిదానిని ఆహారముగా ఎంచదు. మొదటి వారము వానపాములు వేయుడు; అవి కదలును, చేప నమ్మును. పిమ్మట ఒలిచిన రొయ్యముక్కను సన్ననిపుల్ల కొనకు గ్రుచ్చి చేప ముందర మెల్లగా ఆడింపుడు. మొదట చూచి ఊరకుండును. ఒక దినము పట్టును. ఒకసారి పట్టిన తరువాత మూడువారములలో పుల్ల కనబడినంతనే ముందుకు వచ్చును. అటుపై రొయ్య, చిన్నచేపముక్కలు, మిడుతలు, వానపాములు మార్చిమార్చి వేయవలయును. ఏదో యొక్కటియే యేడాది పొడవున వేయుట మంచిది కాదు. కోడిక్రొవ్వు, మేకకార్జము చేప కడుపునకు సరిపడవు. వ్రేలెడు పిల్లకు దినమునకొకసారి కొంచెము. పెరిగిన దానికి వారమునకు రెండు మూడుసార్లు చాలును. తినగా మిగిలిన ముక్కను వెంటనే తీసివేయవలయును.

కొందఱు వినోదమునకై బ్రతికిన చేపపిల్లలను డజనుకొలది తొట్టిలో విడిచి, వేటాడుట చూపి చుట్టములను మెప్పింతురు. నాకది గిట్టదు. గిట్టకపోవుట అటుంచి, అంగడిచేపలతో రోగములు వచ్చును. వేటచేప గొప్పతనము వేటలో లేదు. అది మనలను చూచును. దాని గొప్పతనమంతయు అక్కడ నున్నది. ఎఱ్ఱచేప, బంగారుచేప తొట్టిలో తిరుగుచునే యుండును, మన ఉనికి దానికి పట్టదు. మట్టగిడస ప్రక్కరెక్కలను విసనకఱ్ఱలవలె మెల్లగా ఆడించుచు ఒక్కచోట నిలిచి, కన్ను మాత్రము త్రిప్పి, గదిలో మన నడకను వెంబడించును. మా ఇంట నున్న పెద్దది చుట్టములు వచ్చినపుడు కొయ్యచాటునకు పోవును. నేను ఒక్కడనే కూర్చున్నపుడు ముందరికి వచ్చును. కోపము వచ్చినపుడు ఒంటిరంగు ముదురును, భయపడినపుడు వెలిసిపోవును. చిన్నపిల్లవాడు గడియసేపు కదలక కూర్చుండి చూచుట నే నెఱిగినంతలో ఈ తొట్టిముందు తప్ప మఱెక్కడను జరుగలేదు.

తోడుచేపలను గూర్చి క్లుప్తముగా: నోట పట్టునదంతయు ఆహారమే. మత్స్యన్యాయమను మాట ఊరక పుట్టలేదు. సొంతజాతిలోనైనను చిన్నది పెద్దదానికి లోబడును. జతపడిన రెండింటిని మాత్రము ఉంచుట క్షేమము. జత కుదరక ఒకటి రెండవదానిని తఱుముచున్నచో విడదీయవలయును.

చేపను సంపాదించు విధమును గూర్చి మీతో కొంత గట్టిగా చెప్పవలసియున్నది. వానకాలమున చెఱువు అంచున నీటిపై ఎఱ్ఱని పిల్లల గుంపు బంతివలె కదలుచుండుట మీరెఱుగుదురు. అవి కొర్రమీను పిల్లలు. నాచును ప్రక్కకు తొలగించి చేసిన గూటిలో గ్రుడ్లు తేలుచుండును. ఒకటి రెండు దినములలో పొదుగును. తల్లిదండ్రులు గూటిని విడువవు. పిల్లలు పైకి వచ్చి గాలి పీల్చుట నేర్చి, పెద్దవై చెదరువఱకు క్రిందనే తిరుగుచు కాయుచుండును. దగ్గఱకు కప్ప వచ్చినను, పాము వచ్చినను, మనిషి కాలు వచ్చినను తాకును. ఈ కావలితనమే వానికి మృత్యువు. పిల్లలగుంపు కనబడినచోట గాలము ఆడించినచో కాయుచున్న పెద్దచేప ఆకలిచేత గాక కోపముచేత కఱచి చిక్కును. దానిని కూరకు తీసికొనిపోవుదురు. సాయంకాలము లోపల గుంపులోని పిల్లలు తక్కిన చేపల పాలగును. ఒక్క చేపకొఱకు వందల చేపలు పోయినవి. నారింజగీత గల చిన్నచేపలో మగది గ్రుడ్లను నోటనుంచుకొని పొదుగును. ఆ దినములలో దానిని పట్టినచో గ్రుడ్లను ఉమిసివేయును.

పిల్లవాడు ముచ్చటపడినాడని ఆ ఎఱ్ఱబంతిని గుడ్డతో ముంచి సీసాలో తెచ్చియిచ్చుట వాడుకలో నున్నది. అవి ఎడముగా పెరిగి ఒకదానినొకటి తినును. తుదకు సీసాలో ఒకటో రెండో మిగులును, అవియు నిలువవు. చేప కావలసినచో వానకాలపు ఆ రెండు మూడు నెలలు కాచుకొని, చెఱువు తగ్గినపుడు జాలరిని అడిగి, నాలుగంగుళముల మట్టగిడసలు రెండు తీసికొనవలయును. ఇంకిపోవు గుంటలో మిగిలిపోయినవానిని తెచ్చుకొన్నచో ఇంకను మేలు. అవి ఎటులును కొంగలపాలు కావలసినవి.

తెచ్చిన చేపను రెండువారములు వేఱు తొట్టిలో నుంచి చూడవలయును. 1988లో మన దేశమునకు ప్రవేశించిన పుండ్లరోగమును మీలో చేపలవ్యాపారమెఱిగినవారు మఱచియుండరు. ఒక జాతి బూజువలన వచ్చు ఆ రోగమునకు తక్కిన చేపలకంటె కొర్రజాతియే ఎక్కువగా బలియగుచుండును. వానలు వెనుకబట్టి చలి మొదలగునపుడు ఒంటిమీద ఎఱ్ఱమచ్చలు లేచి, అవి పుండ్లై, కండ ఊడి ఎముక కనబడును. భువనేశ్వరము దగ్గఱనున్న కేంద్ర మంచినీటి మత్స్యపరిశోధనసంస్థవారు చెఱువులకు దానికి మందు కనిపెట్టినారు. ఇంటి తొట్టికి మీరు చేయదగినది వేఱుగా నుంచుట, నీరు శుభ్రముగా నుంచుట, చిన్నగాయమునకు లీటరునకు రెండు గ్రాముల కల్లుప్పు వేయుట. మచ్చ పుండైనచో ఆ చేపను గాని ఆ నీటిని గాని చెఱువు దరికి పోనీయరాదు.

స్వేచ్ఛగా తిరుగు ప్రాణిని గాజుగోడల నడుమ బంధించుట ధర్మమా యని అడుగువారు కలరు. అడుగదగిన ప్రశ్నయే. వాలుగ విషయమున నా సమాధానము ముందే చెప్పితిని. మట్టగిడస వేసవి నాలుగునెలలు మోకాలులోతు గుంటలో, తన పొంచియుండు చోటు విడువక గడపు చేప. దానికి వెడల్పైన తొట్టి, దాగుటకు మఱుగు, శుభ్రమైన నీరు, వేళకు తిండి యున్నచో అది గాజునకు తల కొట్టుకొనదు, పిల్లలను సహితము పెట్టును. తల కొట్టుకొను చేపను, రాత్రింబగళ్లు గాజు వెంబడి అటునిటు తిరుగు చేపను ఉంచుకొనుట తగదు. ఏది తనకు చాలునో చేపయే చెప్పును.

ఇంతవఱకు చెప్పినది ఇంటిలోని మాట. ఊరిమాట మిగిలినది. పెరిగి తొట్టిలో పట్టని చేపను పట్టణవాసులు ఏమిచేయుదురని మొదట అంటిని గదా. చంపుటకు మనసొప్పదు, సంచిలో వేసికొని ఊరిచెఱువునకో కాలువకో తెచ్చి విడిచి, పుణ్యము చేసితిమనుకొందురు. ఆ పుణ్యము ఎంతదూరము పోవునో అమెరికావారు మన కొర్రమీను దాయాదివలననే తెలిసికొన్నారు. మేరీలాండు రాష్ట్రములో క్రాఫ్టన్ అను ఊరి కుంటలో 2002లో చీనా దేశపు కొర్రజాతి చేప గాలమునకు చిక్కినది. ఒకడు సంతలో బ్రతికినవి రెండు కొని, కొన్నాళ్లు తొట్టిలో పెంచి, పెద్దవి కాగా కుంటలో విడిచినాడట. వెదకగా వేయికి పైగా పిల్లలు బయటపడినవి. కుంటలో మందు కలిపి సమస్తమును చంపవలసి వచ్చినది. ఆ యేడే ఆ దేశప్రభుత్వము కొర్రజాతిలోని ఏ చేపనైనను ప్రాణముతో తెచ్చుట నిషేధించినది. అయినను 2004లో పొటోమాక్ నదిలో ఆ చీనా జాతి వేఱుగా పట్టుబడినది. నేటికిని అక్కడ నిలిచియున్నది. మన యింట మనకు ముద్దైన చేప పరదేశపు నీటిలో దొంగయగును.

అట్లే పరదేశపుచేప మన నీటిలో. ఆఫ్రికా మార్పుచేప దొంగతనముగా దేశములోనికి వచ్చినది. 2000లో కేంద్రప్రభుత్వము దాని పెంపకమును నిషేధించినది. 2019లో జాతీయ హరిత న్యాయాధికరణము ఆ నిషేధమును గట్టిగా నడపుమని ఆజ్ఞాపించినది. అయినను చాటుగా గుంటలు సాగుచునే యున్నవి. వరదవచ్చినపుడు గట్టు తెగి కాలువలలో కలియుచున్నది. అయిదు కిలోల మార్పు మీ చెఱువులో చిక్కినచో అది మన మార్పు కాదని తెలిసికొనుడు. మనది అంత పెరుగదు. ఇక ఒడలెల్ల బిరుసుపెంకులు గల నల్లని సక్కరుచేపను మీ వలలలోనే చూచియుందురు. తొట్టిగాజునకు పట్టిన పాచిని తినునని అంగళ్లలో అమ్ముదురు. తొట్లనుండి బయటపడి అది ఇప్పుడు వలలు చింపుచున్నది, గట్లలో బొరియలు త్రవ్వుచున్నది. మన కొర్రమీను కూడ దానిని మ్రింగజాలదు. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమువారు చేపను పట్టకుండగనే, నీటిలో కలిసిన దాని జీవకణముల ఆనవాలును బట్టి అది యున్నదో లేదో చెప్పు పరీక్షను కనుగొన్నారు. తూర్పుకనుమలలోని జలాశయములలో పెక్కింట ఆ జాడ కనబడినది.

చెఱువు ఎవ్వరిదని కోర్టులో అడిగినచో సమాధానము ఎట్లున్నను, గట్టుమీద సంచితో నిలిచిన పిల్లవానిని ఆపగలవారు మీరే. ఆపినపుడు వానికి వేఱు దారి చూపవలయును, లేకున్న మఱునాడు చీకటిపడిన తరువాత వచ్చును. తొట్టిచేపను తిరిగి ఇచ్చుటకు అంగడివానిని అడుగవచ్చును. పెద్ద సిమెంటుతొట్టి గలవారికి ఇవ్వవచ్చును. తినదగినదైనచో కూర వండుకొనుట నా దృష్టిలో చెఱువున విడుచుటకంటె వేయిరెట్లు ధర్మము. మన మట్టగిడసయే అయినను, పరదేశపు చేపలతో ఒక్కదినము ఒకే నీటిలో నున్నచో తిరిగి చెఱువున వేయరాదు. అట్లు కలియక, రోగము లేక, వచ్చిన చెఱువునకే పోవునదైనచో వానకాలపు సాయంకాలమున నాచుగల చోట విడువవచ్చును.

తొట్టినుండి తీసిన నీటిని సహితము కాలువలో పోయరాదు. అందులో కంటికి కనబడని గ్రుడ్లును, నత్తపిల్లలును, నాచుముక్కలును ఉండవచ్చును. వారమువారము తీసిన ఆ నాలుగైదు బిందెలను కొబ్బరిచెట్టు మొదట పోయుడు. మా దొడ్డిలో కుడివైపు చెట్టునకు ఆ నీరు అందుచున్నది, ఎడమవైపు చెట్టునకు అందుటలేదు. గెలలలో భేదము చూచినవారికి తెలియుచున్నది.